సమ్మెట పడే చోటు

బందరులో చిలకలపూడి రోడ్డు మీద వెంకటరత్నమ్మ గారి కట్టెల అడితి ఉండేది. అందులో సుభాని ఇరవై రెండేళ్ళుగా దుంగలు చీలుస్తున్నాడు. ఆవిడ భర్త ఉన్న రోజుల్లో చేరాడు. ఆయన పోయాక అడితి మూతపడుతుందని బజారులో అనుకున్నారు గాని, పదకొండో రోజు కాగానే ఆవిడ కాటా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. అప్పట్నుంచి పెడన అద్దకం వాళ్ళకీ, బందరు హోటళ్ళకీ కట్టెలు ఆవిడ దగ్గర్నుంచే వెళ్తున్నాయి.

అరవై తొమ్మిది వేసవిలో కొట్టిన గాలివానకి దివిసీమలో చింతలు, తుమ్మలు, మామిళ్ళు వేళ్ళతో సహా లేచిపోయాయి. వెంకటరత్నమ్మ గారు స్వయంగా అవనిగడ్డ దాకా వెళ్ళి, పడిన చెట్లు చవగ్గా బేరం చేసి లారీలకి ఎత్తించింది. పదిహేను రోజులు తిరిగేసరికి అడితిలో కాలు పెట్టే సందు లేదు. ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందని మొదళ్ళు, ఒకదాని మీద ఒకటి. వానలు పట్టేలోగా వాటిని చీల్చి రేకుల కిందికి చేర్చాలి. లేకపోతే నాని, బూజు పట్టి, పొయ్యిలో పెడితే పొగ తప్ప మంట రాదు.

చీల్చే మనుషులా, లేరు. రెండో జత వాళ్ళు గాలివానకి పడిపోయిన ఇళ్ళు ఎత్తుకోవడానికి వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. మిగిలింది సుభాని, అతని అక్క కొడుకు జానీ.

అలాంటి మొదళ్ళకి గొడ్డలి చాలదు. దుంగకి ఉన్న పగులు చూసి అందులో ఇనప మేకు నిలబెట్టాలి. ఒకడు గొంతుకూర్చుని మేకు పట్టుకుంటాడు, ఇంకొకడు నిలబడి సమ్మెట వేస్తాడు. మొదటి రెండు మూడు దెబ్బలు మెల్లిగా వేస్తే మేకు నిలదొక్కుకుంటుంది. అప్పుడు పట్టుకున్నవాడు చెయ్యి తీసేస్తాడు. ఆ తర్వాత ఎంత బలం ఉంటే అంత. మేకు పట్టేది జానీ. సమ్మెట వేసేది సుభాని. ఆ చేతికి గురి తప్పదని పేరు.

ఆ పేరంటేనే ఇప్పుడు సుభానికి భయం. ఏడాదిగా అతని కళ్ళ ముందు పొగ కమ్ముతోంది. మొదట్లో దుమ్మనుకున్నాడు. పొద్దున్నే చన్నీళ్ళు కొట్టుకునేవాడు. తర్వాత కుడి కంట్లో పొగ చిక్కబడింది. ఎండ ఎక్కువగా ఉంటే మేకు తల కనిపించేది కాదు, అక్కడ నల్లగా ఏదో ఉందని మాత్రం తెలిసేది. ఆ నలుపు పక్కనే చామనచాయగా ఇంకోటి ఉండేది. అది జానీ చెయ్యి.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. భార్య జైనాబ్‌కి కూడా చెప్పలేదు. సమ్మెట ఎత్తిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవాడు. ఇనుము ఇనుముని తాకిన చప్పుడు విన్నాకే వదిలేవాడు.

ఒకరోజు పొద్దున్న వెంకటరత్నమ్మ గారు అతన్ని కాటా దగ్గరికి పిలిచింది.

"సుభానీ, గుడివాడలో ధనుంజయరావు అని ఒకాయన వర్క్‌షాపు పెట్టాడట. దుంగలు చీల్చే మిషను చేశాడట. హైడ్రాలిక్ అంటున్నాడు. లోపల నూనె తోస్తే ఉక్కు కడ్డీ వచ్చి దుంగని నెడుతుందట. ఇంజనుతో కలిపి నాలుగున్నర వేలు చెప్పాడు."

సుభాని మనసులో లెక్కేశాడు. ఆ డబ్బుకి పామర్రు పక్కన మాగాణి వస్తుంది.

"నాకు మిషన్ల సంగతి తెలియదు. ఆయన సరుకు ఆయనకి బంగారమే. దుంగల గురించి నీకంటే తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? రేపు రైలెక్కి వెళ్ళి చూసిరా. నువ్వు పనికొస్తుందంటే కొంటాను. పనికిరాదంటే ఆ మాట ఇక ఎత్తను."

"నేనాండీ?"

"నువ్వే."

ఆవిడ ఆ మాట మామూలుగా అని, కట్టెల కోసం వచ్చిన హోటలు మనిషి వైపు తిరిగింది. సుభాని అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఉరి బాగా పడుతుందో లేదో చూసి చెప్పమని, అది పడబోయేవాడినే పంపిస్తున్నట్టు అనిపించింది. ఆవిడకి ఆ ఆలోచన లేదని అతనికి తెలుసు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

మర్నాడు గుడివాడ పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పెడన దగ్గర కాలవ గట్టు మీద అద్దకం గుడ్డలు ఆరేసి ఉంటాయి. చిన్నప్పట్నుంచి చూసినవే. ఆ రోజు ఎర్రగా కొంత, తెల్లగా కొంత కనిపించింది. అది గుడ్డో, ఎండ పడ్డ నీళ్ళో తేల్చుకోలేకపోయాడు. ఎదురుగా కూర్చున్న ఆవిడ తన కూతురికి "అదిగో నెమలి బొమ్మ" అని చూపిస్తోంది. సుభాని కిటికీ వైపు నుంచి మొహం తిప్పేసుకున్నాడు.

ధనుంజయరావు వర్క్‌షాపు గుడివాడ స్టేషన్‌కి దగ్గర్లోనే. ఆయన ఖాకీ ప్యాంటు మీద నూనె మరకలతో ఎదురొచ్చి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. సుభానిని ఎవరూ అలా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది లేదు. కుర్చీ అంచున కూర్చుని తాగాడు.

మిషను పెరట్లో చింతచెట్టు నీడన ఉంది. మనిషి పొడుగు ఇనప పీట. ఒక చివర గొడ్డలి లాంటి మందపాటి పలక నిలబెట్టి ఉంది. రెండో చివర తొడంత లావు ఉక్కు కడ్డీ. పక్కన ఇంజను. దాన్ని నడిపే అతని పేరు గంగన్న. ముప్పై ఏళ్ళుంటాయి. తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

గంగన్న ఇంజను తిప్పాడు. పీట మీద మామిడి దుంగ పెట్టి, పిడి లాగాడు. కడ్డీ కదిలింది. ఇంజను డుగడుగలాడుతోంది గాని కడ్డీకి చప్పుడు లేదు. అది తొందరపడలేదు. వచ్చి దుంగ వీపుని ఆనుకుని, పలక మీదికి నెట్టింది. దుంగ ఒక్కసారి కిర్రుమని, రెండుగా విడిపోయింది.

"ఎంతసేపు పట్టింది?" అన్నాడు ధనుంజయరావు.

సుభానికి అది పరీక్షలా అనిపించలేదు. మామిడి మెత్తన. అది ఎవరు కొట్టినా విడిపోతుంది. పెరడంతా తిరిగి, చేత్తో తడిమి, ఒక చింత మొదలు ఎంచాడు. మెలి తిరిగిన కర్ర ఈన, మధ్యలో పిడికిలంత ముడులు మూడు. తను, జానీ అయితే పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి గాని విడవదు.

"ఇది పెట్టండి."

గంగన్న దాన్ని చూసి నవ్వాడు. "మంచిదే ఏరావు సాయిబుగారూ."

ఈసారి కడ్డీ ఆనుకోగానే ఇంజను గొంతు మారింది. బరువెక్కిన మనిషిలా మూలిగింది. పీట అదిరింది. ఆగిపోతుందని సుభాని అనుకున్నాడు. ఆగిపోవాలని లోపల కోరుకున్నాడు. ఆగలేదు. మొదటి ముడి దగ్గర చింత కీచుమని అరిచింది. రెండో ముడి తెగింది. మూడోది పగిలి, ఎర్రటి లోపలి చేవ బయటపడింది. ఇరవై రెండేళ్ళు తను పోట్లాడిన కర్రని ఆ కడ్డీ ఆయాసం లేకుండా, కోపం లేకుండా విడదీసింది. 

చీలిక ఎలా వచ్చిందో తడిమి చూద్దామని వంగి చెయ్యి పెట్టాడు. అంతలో ఎవరో భుజం పట్టి వెనక్కి గుంజారు. వెల్లకిలా పడబోయి నిలదొక్కుకున్నాడు.

"కడ్డీ ఇంకా వస్తోంది కదయ్యా," అన్నాడు గంగన్న. మొహం పాలిపోయింది. "అంత లావుది కనబడలేదా?"

"చూశాను. ఆగిందనుకున్నా."

గంగన్న అతని కళ్ళలోకి కాస్త ఎక్కువసేపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. సుభాని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అటు తిరిగాడు. అప్పుడు అర్థమైంది అతనికి. మిషను వస్తే సమ్మెట పోవడమే కాదు, ఈ పిడి దగ్గర కూడా తను నిలబడలేడు. కళ్ళు లేనివాడికి ఇక్కడ చెయ్యి మిగలదు.

వెళ్ళేటప్పుడు ధనుంజయరావు గేటు దాకా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "మీ అమ్మగారితో బాగుందని గట్టిగా చెప్పు. మొదటి మిషను అమ్ముడుపోతే నాలుగూళ్ళ వాళ్ళూ వస్తారు. నీకో వంద రూపాయలు ఇస్తాను. ఎవరికీ తెలియనక్కర్లేదు."

"వద్దండీ," అన్నాడు సుభాని. ఆ ఒక్క మాట మాత్రం ఆ రోజు భయపడకుండా అన్నాడు.

సాయంత్రం అడితికి వచ్చేసరికి వెంకటరత్నమ్మ గారు ఎదురుచూస్తోంది. రైల్లో అంతసేపూ ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాడు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"పనికిరాదండీ. మామిడిని చీలుస్తుంది. చింత దగ్గర ఇంజను చస్తోంది. ముడి ఉంటే కదలదు."

"అంతేనా?"

"బాగుందని చెప్తే వంద ఇస్తానన్నాడండీ ఆయన."

ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "లంచం ఇచ్చి అమ్ముకునే మిషను మనకెందుకు? ఇంకెవరైనా అయితే ఆ వంద జేబులో వేసుకుని వచ్చేవాళ్ళు. నిన్ను పంపడం మంచిదైంది."

సుభాని తల వంచుకున్నాడు. ఆవిడ దాన్ని వినయమనుకుంది. ఇంటికెళ్ళాక జైనాబ్ పెట్టిన అన్నం సగం వదిలేశాడు. "రైలు ప్రయాణం పడలేదు," అని చెప్పాడు.

తర్వాతి రోజుల్లో అతని భయం రెండింతలైంది. ధనుంజయరావు ఏ రోజైనా బందరు రావచ్చు. చింత మొదలు చీల్చి చూపించానని ఒక్క మాటంటే చాలు. అడితి ముందు ఏ బండి ఆగినా సుభాని సమ్మెట దించి అటు చెవి పెట్టేవాడు. ఇంకో వైపు మబ్బులు. దక్షిణాన్నించి రోజూ కాస్త దగ్గరికి జరుగుతున్నాయి. వెంకటరత్నమ్మ గారు ఆకాశం చూసి, దుంగలు చూసి, "ఇవాళ ఎన్ని అయ్యాయి?" అని అడుగుతోంది. త్వరగా చెయ్యాలంటే సమ్మెట గట్టిగా పడాలి. గట్టిగా పడాలంటే మేకు కనబడాలి.

జానీకి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళాం నెలలు నిండి ఉంది. పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతుండేవాడు. పుట్టబోయే బిడ్డకి ఏం పేరు పెట్టాలో, బందరుకోటలో చేపలు ఏ ధర పలుకుతున్నాయో. ఆ మాటలు వింటే చెయ్యి ఎక్కడుందో సుభానికి కొంత అంచనా దొరికేది. అతను ఆగిపోతే సుభాని కూడా సమ్మెట ఆపేవాడు. "చెప్పరా," అనేవాడు.

ఆ శుక్రవారం నమాజుకి వెళ్ళొచ్చాక ఒక తుమ్మ మొదలు ముందు వేసుకున్నారు. మబ్బు కమ్మి వెలుతురు బూడిదరంగులో ఉంది. నల్లటి తుమ్మ మీద నల్లటి మేకు. సుభానికి ఏదీ విడిగా కనబడలేదు. మొదటి దెబ్బ మెల్లిగా వేశాడు. ఖంగుమంది. రెండోది కూడా ఖంగుమంది. మూడో దెబ్బకి ఆ చప్పుడు రాలేదు. మెత్తగా ఏదో తగిలి, తర్వాత ఇనుము రాతి మీద పడినట్టు చప్పుడైంది. జానీ మూలుగు వినబడింది.

సుభాని సమ్మెట వదిలేశాడు. మోకాళ్ళ మీద పడి తడిమాడు. "చెయ్యా? చెయ్యేనా? జానీ, చెయ్యి చూపించు."

"చెయ్యి బాగానే ఉంది మామూ. దెబ్బ పక్కకి పోయి బెరడు మీద పడింది, మేకు ఎగిరి కాలికి తగిలింది."

మోకాలి కింద చర్మం చీరుకుపోయి రక్తం కారుతోంది. సుభాని అతని రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ తడిమాడు. పదీ ఉన్నాయి. అయినా వదల్లేదు.

"నాదే తప్పు," అన్నాడు జానీ. "చెమటకి చెయ్యి జారింది."

"జారలేదు."

"జారింది మామూ."

"నాకు కనబడలేదురా," అన్నాడు సుభాని. ఏడాది దాచిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చింది. "ఏడాదై సరిగా కనబడ్డం లేదు."

జానీ ఆశ్చర్యపోలేదు. తువ్వాలు చింపి కాలికి కట్టుకుంటూ, కిందికి చూస్తూ చెప్పాడు.

"నాకు తెలుసు. రంజాన్ ముందు నుంచి తెలుసు. నువ్వు సమ్మెట ఎత్తేటప్పుడు భుజం చూస్తాను. ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. మేకుని అక్కడికి జరుపుతాను. ఇవాళ మబ్బు వల్ల ఆలస్యమైంది."

 గురి తప్పని చెయ్యి తనది అనుకున్నాడు సుభాని ఇన్నాళ్ళూ. దెబ్బ పడే చోటికి ఇనుముని, దాంతోపాటు తన వేళ్ళని జరిపి పెడుతూ వచ్చాడు వీడు. ఆ నవ్వులు, ఆ పేర్లు, ఆ చేపల ధరలు చెబుతూనే.

"ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నిన్ను మానిపిస్తారు కదా. భయమేసింది."

"నీకు భయంగా లేదా, చెయ్యి పెట్టడానికి?"

"రోజూ ఉంది," అన్నాడు జానీ.

సుభాని లేచి, కాటా దగ్గరికి నడిచాడు.  వెంకటరత్నమ్మ గారు జానీ కాలి నెత్తురు చూసి అప్పటికే లేచింది. సుభాని చేతులు కట్టుకుని నిలబడి, మొదట కళ్ళ సంగతి చెప్పాడు. తర్వాత గుడివాడ సంగతి చెప్పాడు. చింత మొదలుని, మూడు ముడులతో సహా, ఆ మిషను చీల్చిందని చెప్పాడు.

 కోపంగా ఉందో లేదో చూడ్డానికి అతనికి ఆవిడ మొహం స్పష్టంగా కనబడదు. తెల్ల చీర ఒకటే కనిపిస్తోంది. అలా నిలబడ్డం కంటే తిట్టించుకోవడం నయమనిపించింది.

"వంద రూపాయల మాట?"

"అది నిజమండీ."

"నిజంలో చుట్టి అబద్ధం ఇచ్చావన్నమాట." ఆవిడ గొంతు పెరగలేదు. "వాడి చెయ్యి పోయుంటే ఏం చెప్పేవాడివి? వాడి పెళ్ళానికి ఏం చెప్పేదాన్ని నేను?"

సుభాని వెనక్కి తిరిగి, జానీ ఉన్న వైపు చూశాడు.

"సమ్మెట ఇక ముట్టుకోకు."

ఆ తర్వాతి మాట కోసం అతను ఎదురుచూశాడు. రేపట్నుంచి రావద్దంటుందని. ఆవిడ అనలేదు. కూర్చుని, ఎదురుగా ఉన్న దుంగ చూపించి, "కూర్చో," అంది. "ఇప్పుడు అబద్ధం లేకుండా చెప్పు. నాలుగున్నర వేలు పెట్టొచ్చా?"

సుభాని ఆలోచించాడు. ఈసారి తన గురించి కాదు, మిషను గురించి.

"ఈ దుంగలు మేం చీలిస్తే కార్తీకానికి గాని అవవండీ. అది ఇరవై రోజుల్లో చేస్తుంది. వానకి నానిపోయేది మిగుల్తుంది. కానీ గాలివాన ప్రతి ఏడూ రాదు. ఈ మొదళ్ళు అయిపోయాక మామూలు సరుకుకి వారంలో రెండ్రోజులు తిరిగితే ఎక్కువ. కడ్డీ మొదట్లో నూనె చెమ్మ చూశాను. లోపల వాషర్లు పోతే గుడివాడ నుంచే మనిషి రావాలి. అది పీట మీద ఏముందో చూడదండీ. కర్రైనా, చెయ్యైనా ఒకటే దానికి. ఇద్దరు మనుషులు ఉండకూడదు దాని దగ్గర. పిడి పట్టినవాడే దుంగ పెట్టాలి, వాడే తియ్యాలి."

"ఇది మొదటే చెప్పుంటే," అంది ఆవిడ. మాట పూర్తి చెయ్యలేదు.

ఆవిడ మర్నాడే గుడివాడ వెళ్ళింది. లంచం మాట ధనుంజయరావు మొహం మీదే అడిగి, ఆయన మాట తడబడుతుండగానే ధర మూడు వేల ఎనిమిది వందలకి తెగ్గొట్టింది. గంగన్న పది రోజులు బందరులో ఉండి జానీకి పని నేర్పాలని, ఏడాదిపాటు వాషర్లు ఉచితంగా వెయ్యాలని కాయితం రాయించుకుంది. మంచి బేరమే అని బజారులో అన్నారు. ఆవిడ మాత్రం, "అది ఏడాది తర్వాత తెలుస్తుంది," అంది.

మిషను లారీలో వచ్చిన రోజు సన్నగా తుంపర పడుతోంది. జానీ పిడి దగ్గర నిలబడ్డాడు. సుభాని పని మారింది. దుంగలని తడిమి, ఈన ఎటు పోతోందో, ముడి ఎక్కడుందో చేత్తో చూసి, సుద్దతో గీత గీయాలి. ఆ గీత పలకకి ఎదురుగా వచ్చేలా జానీ దుంగని పెడతాడు. ఇది వెంకటరత్నమ్మ గారు పెట్టిన పని. కూలి మాత్రం రూపాయి తగ్గించింది. అతను అడగలేదు. దసరా వెళ్ళాక గుంటూరు పెద్దాసుపత్రిలో కళ్ళు చూపించుకోవాలని కూడా ఆవిడే తేల్చేసింది. కళ్ళు కోస్తారని విన్నప్పట్నుంచి సుభానికి రాత్రిళ్ళు నిద్ర లేదు. జైనాబ్ పక్కన కూర్చుని, "నేనూ వస్తాను కదా," అనేది.

మొదటి దుంగ పీట మీదికి ఎక్కింది. అందరూ పది అడుగుల దూరంలో ఉండాలని ఆవిడ సున్నంతో గీత గీయించింది. సుభాని ఆ గీత మీద నిలబడ్డాడు. అక్కణ్ణించి అతనికి జానీ ఒక నీడలా ఉన్నాడు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు. చప్పుడు లేని ఆ కడ్డీ ఇప్పుడు ఎక్కడుందో, జానీ చెయ్యి ఎక్కడుందో అతనికి తెలియదు. చింత కీచుమంది. 

"జానీ," అని పిలిచాడు.

"ఆఁ," అన్నాడు వాడు.

రెండో దుంగ ఎక్కింది. విడిపోయింది.

"జానీ."

"ఉన్నాను మామూ."

గంగన్న నవ్వబోయి ఆగిపోయాడు. కాటా దగ్గర్నుంచి వెంకటరత్నమ్మ గారు చూస్తోంది గాని వద్దనలేదు. ఆ సాయంత్రానికి పదిహేడు మొదళ్ళు చీలాయి. పదిహేడుసార్లూ సుభాని పిలిచాడు, పదిహేడుసార్లూ జానీ పలికాడు.